ఆదివారం చెయ్యి

ఫిబ్రవరి 10, సోమవారం

మా అక్క ప్రసన్నకుమారికి అన్యాయం జరిగింది. చేసినవారి పేర్లు ముందే రాసి పెడుతున్నాను, రేపు కోపం తగ్గితే మొహమాటం అడ్డొస్తుంది. ఒకటి, రాజమండ్రిలోని నవహస్తం ట్రస్టు. రెండు, ఆ ట్రస్టు ఇంజనీరు సాయిదుర్గ. అక్కకి ఇచ్చిన మరచేతిని వెనక్కి తీసుకుంటామని ఇవాళ ఫోన్‌కి మెసేజ్ పంపారు.

చీర పంచి ఫొటో తీసుకున్నవాళ్ళని చూశాను. బోరింగు వేసి పేరు రాసుకున్నవాళ్ళని చూశాను. చెయ్యి ఇచ్చి చెయ్యి గుంజుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.

మెసేజ్‌లో ఇలా ఉంది: "గడిచిన తొంభై రోజుల్లో మీ చెయ్యి పనిచేసిన సమయం పదకొండు నిమిషాలు. రోజుకు కనీసం రెండు గంటలు వాడాలన్నది నియమం. మార్చి ఒకటిన సమీక్షకు రండి. నియమం నెరవేరకపోతే చెయ్యి వెనక్కి ఇవ్వాలి." కింద ఇంకో వాక్యం ఉంది. అది ముఖ్యమైనది కాదు.

పదకొండు నిమిషాలట. ప్రతి ఆదివారం అక్క ఆ చెయ్యి తొడుక్కునే చర్చికి వెళ్తుంది. మూడు గంటల ఆరాధన. పదమూడు ఆదివారాలు. క్రిస్మస్ అదనం. నేను డిగ్రీ చదివినవాణ్ణి, గుణకారం వచ్చు.

ఆ చెయ్యి ఎప్పుడెంతసేపు కదిలిందో తనే రాసుకుని వాళ్ళకి చేరవేస్తుందని బావ చెప్పాడు. అంటే మూడు నెలలుగా మా బీరువాలో, అక్క పెళ్ళి పట్టుచీర పక్కన, కలరా ఉండల మధ్య ఒక గూఢచారి కాపురం ఉంటున్నాడు.

అక్క మెసేజ్ మొత్తం చదివింది. ఫోన్ బోర్లా పెట్టి, పోతే పోనీలేరా, అదెలాగూ నా మాట వినేది కాదుగా అంది. ఏడవలేదు. ఆ పని కూడా నేనే చేయాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 11

కరపత్రం శీర్షిక కుదిరింది: "చేతులు గుంజుకునే చేతులపై చేతులెత్తండి."

అక్క చదివింది. ఇందులో చాలా చేతులున్నాయిరా, నాకొకటిచ్చి మిగతావి నువ్వుంచుకో అంది.

ఫిబ్రవరి 12

కరపత్రానికి వాస్తవాలు కావాలి. వరసగా రాసుకుంటున్నాను.

మూడేళ్ళ క్రితం కాలవ గట్టు మీద ఆటో తిరగబడింది. అక్క కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయింది. అప్పటివరకు రత్నమాణిక్యం గారి పూతరేకుల షెడ్డులో కుండ దగ్గర మొదటి పీట అక్కది. బోర్లించిన కుండ కింద కొబ్బరి కమ్మల మంట. పిండినీళ్ళలో ముంచిన గుడ్డని రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని కుండ మీదుగా ఒక్కసారి లాగాలి. గుడ్డ వెళ్ళిపోతుంది, రేకు మిగులుతుంది. ఒంటి చేత్తో అది కాదు. అప్పటినుంచి అక్క అదే షెడ్డులో గోడవారగా కూర్చుని, ఇంకొకళ్ళు తీసిన రేకుల్ని ఎడం చేత్తో మడతలు పెడుతోంది. మడతలు చక్కగా పెడుతుంది. కుండ వైపు చూడదు.

నవంబరులో చెయ్యి వచ్చింది. నుదుటి మీదుగా జుట్టులోకి ఒక పట్టీ కట్టుకోవాలి. మెదడులో పుట్టే సంకేతాల్ని ఆ పట్టీ పట్టుకుని చేతికి చెబుతుంది. మూసుకో అనుకుంటే మూసుకోవాలి, తెరుచుకో అనుకుంటే తెరుచుకోవాలి. లోపల గుచ్చేదేమీ లేదు. మొదటి రోజు వాళ్ళ ఆఫీసులో చక్కగా ఆడింది. వాళ్ళే తల తుడిచి, వాళ్ళే పట్టీ పెట్టారు. ఇంటికొచ్చాక మొండికేసింది. నాసిరకం సరుకు పేదలకి అంటగట్టారు. ఈ వాక్యం కింద గీత గీయాలి.

ఆదివారాలే ఎందుకు తొడుగుతారని ఎవరైనా అడగవచ్చు. అంత మంచి వస్తువు రోజూ వాడితే ఏం మిగులుతుందని అమ్మ అంది. మా ఇంట్లో నాన్న చేతి గడియారం ఆదివారానిది, నీలం అంచు కప్పులు ఆదివారానివి, అమ్మ నవ్వు కూడా ఎక్కువగా ఆదివారానిదే. ఇది మా పద్ధతి. పద్ధతుల మీద నా దగ్గరున్న ఎర్ర అట్టల చిన్న పుస్తకాల్లో వేరే మాట ఉంది కానీ, ట్రస్టు ముందు ఇంటి పరువు తీయను.

ఫిబ్రవరి 13

జెరాక్స్ షాపులో పని అయ్యాక రెండు వందల కాపీలు తీశాను. ఓనరుతో చెప్పాను. ఆయన విషయం అడగలేదు, కాగితం వృథా చేయకు అన్నాడు.

ఫిబ్రవరి 15, శనివారం

రాజమండ్రి వెళ్ళాను. బస్సులో ప్రసంగం మొత్తం లోపల్లోపలే చెప్పుకున్నాను. పక్క సీటాయన ఒంట్లో బాగోలేదా అని అడిగాడు.

సాయిదుర్గ అనే ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. కూర్చోమని మంచినీళ్ళిచ్చింది. శత్రువు ఇచ్చిన నీళ్ళు తాగకూడదనుకున్నాను కానీ బస్సులో ఎండ బాగా తగిలింది. ఆవిడ నా కరపత్రాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. నన్ను ఇంతవరకు అంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు.

"నా పేరు నాలుగుసార్లు వచ్చిందండి. మా అమ్మకి చూపిస్తాను, ఒకటుంచుకోవచ్చా?" అంది.

తర్వాత కంప్యూటరులో ఒక గీత చూపించింది. ఆదివారం పొద్దున చెయ్యి ఆన్ అవుతోంది. మూడు గంటలు ఆన్‌లోనే ఉంటోంది. కానీ పట్టీ నుంచి చేతికి ఒక్క కబురు కూడా అందడం లేదు. గీత మా ఊరి కాలవ నీళ్ళలా అలా తిన్నగా పోతోంది.

చర్చికి వెళ్ళేముందు మీ అక్కగారు తలకి ఏమైనా రాస్తారా అని అడిగింది. మా అక్క తలకి ఏం రాసుకోవాలన్నది మా అక్క హక్కు అన్నాను. హక్కేనండి, కొబ్బరినూనేనా అంది.

అవునన్నాను. ఆదివారం కదా, అమ్మ దగ్గరుండి పట్టిస్తుంది. అరచేతి నిండా. ఆపైన బిగుతుగా జడ.

నూనె పొర ఉంటే పట్టీకి మెదడు మాట వినబడదట. చెయ్యితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఆరో పేజీలో రాశామండి, బొమ్మ కూడా వేశాం, తెలుగు చేసి ఇంట్లో చెప్తానని ఆ ఇంగ్లీషు పుస్తకం మీరే తీసుకెళ్ళారు కదా అంది.

తీసుకెళ్ళాను. తెలుగు చేశాను కూడా. పంతొమ్మిదో పేజీ నుంచి ఇరవై రెండో పేజీ దాకా. షరతులు అక్కడే ఉంటాయి, దోపిడీ ఎప్పుడూ షరతుల్లోనే దాక్కుంటుంది.

తిరుగు బస్సులో నూట తొంభై తొమ్మిది కరపత్రాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

అదే రోజు, సాయంత్రం

ఆరో పేజీ చదివాను. అక్షరాలు చిన్నవి.

అంత చిన్నవేమీ కావు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ చెప్పాలనుకున్నాను. పొద్దున అమ్మ అప్పటికే నూనె గిన్నె పట్టుకుని కూర్చుంది. పండగలా ఉన్న ఇంట్లో అలాంటి మాట ఎలా ఎత్తడం. ఏ మాటకైనా సమయం ఉంటుంది. పరిస్థితులు పరిపక్వం కావాలని నేను చాలాచోట్ల చదివాను.

చర్చిలో రెండో పాటకి అక్క పాటల పుస్తకాన్ని ఆ చేతిలో పెట్టుకోబోయింది. వేళ్ళు తెరుచుకోలేదు. అక్క కళ్ళు మూసుకుంది. అందరూ ప్రార్థన అనుకున్నారు. నాకు తెలుసు, తెరుచుకో తెరుచుకో అని లోపల బతిమాలుతోంది. పుస్తకం కింద పడింది. వెనక వరసలో ఒకావిడ, పాపం యంత్రం కూడా దేవుడిదే కదమ్మా, ఆయన ఇష్టం అంది. అక్క వంగి ఎడం చేత్తో పుస్తకం తీసుకుని పాడింది. గొంతు తప్పలేదు.

నేను పాడలేదు.

చెప్పలేదు కూడా.

ఫిబ్రవరి 17

చెప్పేశాను.

అక్క పెరట్లో గిన్నెలు తోముతోంది, ఒక కాలితో గిన్నె అదిమిపెట్టి. నేను మొదట ఆంగ్ల భాషా ఆధిపత్యం గురించి మొదలుపెట్టాను. విషయానికి రారా అంది. వచ్చాను. నూనె, ఆరో పేజీ, గీత, అన్నీ.

తిడుతుందనుకున్నాను. గిన్నె వదిలేసి చెయ్యి చీరకి తుడుచుకుంది.

"మూడు నెల్లనించి నా బుర్రే పాడైందనుకున్నాన్రా. ఆటో కింద పడినప్పుడు చెయ్యితోపాటు లోపల ఇంకేదో కూడా పోయిందేమో, అందుకే నా మాట దానికి చేరట్లేదేమో అని. మీ బావక్కూడా చెప్పలేదు."

ఆ గిన్నె అందుకుని నేను తోమాను. నా దగ్గరున్న నలభై ఒక్క పుస్తకాల్లో గిన్నెలు తోమడం గురించి లేదు.

తర్వాత అక్కే కళ్ళు తుడుచుకుని నవ్వింది. సరేలే, లోకం సంగతి నువ్వు చూసుకో, ఆరో పేజీలు ఇకనుంచి నాకిచ్చెయ్ అంది.

ఫిబ్రవరి 18

కుంకుడుకాయలతో రెండుసార్లు తల అంటుకుంది. ఆరబెట్టుకుని పట్టీ కట్టుకుంది. మూసుకో. మూసుకుంది. తెరుచుకో. తెరుచుకుంది. మళ్ళీ. మళ్ళీ. అమ్మ స్తోత్రం స్తోత్రం అంటూ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. బావ చిట్టియ్య పొలం నుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నిలబడి చూశాడు.

ఆ చేత్తో అక్క మొదటిసారి పట్టుకున్న వస్తువు నా కుడి చెవి. మెల్లగా పట్టడం ఇంకా అలవాటు కాలేదని తర్వాత చెప్పింది. అలవాటు కాకపోవడం నిజమో కాదో నాకు అనుమానంగా ఉంది.

ఫిబ్రవరి 19

అమ్మకీ అక్కకీ గొడవ. నూనె లేని తల ఏంటే, చావింట్లోలాగా, వీధిలోవాళ్ళు ఏమనుకుంటారు అని అమ్మ. పైగా బుధవారం నాడు ఆ చెయ్యి తొడగడమేంటని. నేను సంప్రదాయాల గురించి మాట్లాడబోతే ఇద్దరూ కలిసి నన్ను బయటికి పంపారు.

ఇవాళ మూడు గంటల పది నిమిషాలు.

ఫిబ్రవరి 21

నాలుగు గంటలు. లెక్క వేశాను. మార్చి ఒకటి లోపు మేలుకున్నంతసేపూ వాడినా సగటు రెండు గంటలకి రాదు. సాయిదుర్గకి ఫోన్ చేశాను. ఈసారి అండి అన్నాను. నియమం తనది కాదని, సమీక్షకి వచ్చే ముగ్గురి కమిటీదని చెప్పింది. ఈ చెయ్యి లేకపోతే జరగని పని ఏదైనా చేసి చూపిస్తే సడలించవచ్చట. మామూలుగా అయితే నీళ్ళ సీసా ఎత్తమంటారట.

అక్కకి చెప్పాను. "సీసా నేను ఎడం చేత్తో ఎత్తుతాను. దాన్నే కుడి చేత్తో ఎత్తి చూపిస్తే వాళ్ళెందుకు నమ్మాలి?" అంది.

చెంగు దులుపుకుని లేచింది. రత్నమాణిక్యం గారింటికి వెళ్ళొస్తానంది.

ఫిబ్రవరి 22, శనివారం

రత్నమాణిక్యం గారు చెయ్యిని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. కరిగిపోతే ఎవరిదమ్మా పూచీ అన్నారు. అక్క గుడ్డ గ్లవుజు తొడుక్కుంది. గుడ్డ పొడుగు కొస ఈ చేత్తో పడతానండి, మంటకి దూరంగానే ఉంటుంది, పొట్టి కొస ఎడం చేత్తో లాగుతానండి అంది. సరే, నా పిండి మాత్రం నేలపాలు చెయ్యకు అన్నారు ఆవిడ. మూడేళ్ళ తర్వాత కుండ దగ్గర పీట వేశారు.

మొదటి రేకు మాడింది. రెండోది చిరిగింది. మూడోసారి గుడ్డ సరిగ్గా లాగుతుండగా, ఈ క్షణం ప్రాధాన్యం ఏమిటో అక్కడున్న ఆడవాళ్ళందరికీ అర్థమయ్యేలా నేను చెప్పడం మొదలుపెట్టాను. నా మాట చెవిన పడి అక్క ధ్యాస చెదిరింది. వేళ్ళు తెరుచుకున్నాయి. గుడ్డ కుండ మీద పడి బుసబుసలాడింది.

మూసుకో అన్న ఆలోచనని అక్క రేకు అయ్యేదాకా లోపల పట్టుకునే ఉండాలి. పక్కన ఎవరు పలికినా అది జారిపోతుంది.

"మీ తమ్ముణ్ణి కాలవ దాటించిరండే ఎవరైనా" అన్నారు రత్నమాణిక్యం గారు.

కాలవ దాకా వెళ్ళలేదు. గోడ అవతల నిలబడ్డాను. లోపల పదిమంది ఆడవాళ్ళు ఉండి కూడా చప్పుడు లేదు. కొబ్బరి కమ్మలు చిటపటలాడటం ఒక్కటే వినిపించింది. చాలాసేపటికి ఎవరో ఊపిరి వదిలారు. తొంగి చూస్తే అక్క ఎడం చేతి వేళ్ళ మీద ఒక రేకు ఉంది. అటువైపు ఉన్న కిటికీ దానిలోంచి కనిపిస్తోంది.

ఫిబ్రవరి 24

అక్కే ట్రస్టుకి ఫోన్ చేసింది. నేను డిమాండ్లు ఏడు రాసిచ్చాను. అక్క మూడు మాటలు మాట్లాడింది. నా పని కుండ దగ్గరండి. కుండని రాజమండ్రి తేలేను. మీరే రండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు. వాళ్ళు ఒప్పుకున్నారు. శనివారం ఏడు గంటలకి వస్తారు.

ఏడు డిమాండ్లు జేబులోనే ఉన్నాయి.

ఫోన్ పెట్టేముందు అక్క ఇంకోటి అడిగింది. ఆయన పేరేంటండి అని.

ఎవరాయన అన్నాను. నీకు తెలుసు కదరా అంది.

నాకు తెలుసు. పదో తేదీ మెసేజ్‌లో కింది వాక్యం ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను: "మీ తర్వాత వరసలో పిఠాపురం నుంచి ఒకాయన పధ్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నారు." చెయ్యీ పట్టీ అవే, మోచేతికి తొడిగే తొడుగు ఒక్కటీ ఆయన కొలతకి చేస్తే సరిపోతుందట. అక్క మొదటి రోజే అది చదివింది. పోతే పోనీలే అన్నది అందుకే.

నేను దాన్ని ముఖ్యం కాదన్నాను. కరపత్రంలో పేదలు అన్న మాట పదహారుసార్లు వాడాను. ఆయన అందులో ఎక్కడా లేడు.

ఫిబ్రవరి 25

సాయిదుర్గ ఆయన్ని అడిగి, సరేనన్నాకే నంబరిచ్చింది. పేరు గంగాధర్ గారు. చీరలు నేసేవారు. ఇప్పుడు నూలు చుడుతున్నారు. అక్క ఆయనతో ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఎక్కువగా నవ్వుకున్నారు. ఎడం చేత్తో అన్నం కలుపుకోవడం గురించి, ఒంటి చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవడం గురించి. నేను దగ్గరే ఉన్నాను కానీ ఆ నవ్వులో నాకు చోటు లేదు.

ఫిబ్రవరి 26

పది రేకులకి నాలుగు వచ్చాయి.

కమిటీకి ఇచ్చే కాగితంలో మంచివే రాద్దామన్నాను. చిరిగినవాటి సంగతి వాళ్ళకెందుకు. చిరిగినవీ రాయి అంది అక్క.

ఫిబ్రవరి 27

పదికి అయిదు. ఒకసారి వరసగా మూడు.

శనివారం గంగాధర్ గారిని కూడా పిలుస్తానంది అక్క. నేను అన్నాను: ఆయన్ని పిలిచి నువ్వు బాగా చేశావనుకో, ఆయన ముందే చెయ్యి నీదైపోతుంది. బాగా చేయలేదనుకో, ఆయన ముందే నీది పోతుంది. ఎటు తిరిగినా ఎవరో ఒకరి ముందు తల దించుకోవాలి. పిలవకపోతే ఆ బాధ లేదు కదా.

అక్క రేకుల గుడ్డ ఉతికి ఆరేస్తోంది. ఒక కొస ఎడం చేత్తో, ఒక కొస ఆ చేత్తో.

"నాకు ఇది కావాల్రా. గట్టిగానే కావాలి. ఆ పీట మీద కూర్చున్నాక ఇంకా కావాలి. ఆయనకీ అంతే కావాలి. ఇద్దరికీ కావాల్సింది నేను తలుపేసుకుని తీసుకుంటే, రేపు కుండ ముందు కూర్చున్నప్పుడు ఆయనే గుర్తొస్తాడు. అప్పుడు చెయ్యి తెరుచుకుపోదూ?"

గంగాధర్ గారికి ఫోన్ కలిపి అక్క చేతికిచ్చాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

సాయిదుర్గ ఫోన్ చేసింది. కమిటీ ఏమంటుందో తనకీ తెలియదంది. రెండో చెయ్యి తయారవడానికి ఇంకో ఏడాది పడుతుందంది. మీరు రేపు కరపత్రాలు తెస్తారా అని అడిగింది. తెస్తానన్నాను. నా పేరు ఉంటుందా అంది. ఉండదండి అన్నాను. అయ్యో అంది.

కొత్త కరపత్రం అక్క చెప్పింది, నేను రాశాను. మధ్యలో "చారిత్రాత్మక" అన్న మాట పెట్టాను, కొట్టేయించింది. చివర నా పేరు పెట్టాను, ఉంచింది. తప్పెవరిదో జనానికి తెలియాలి కదరా అంది. షాపులో అరవై కాపీలు తీసి, రేకుల షెడ్డు గుమ్మానికి, చర్చి నోటీసు బోర్డుకి, రావులపాలెం బస్సు ఆగేచోట అంటించి వచ్చాను. ఒకటి ఇక్కడ దాస్తున్నాను.

"ఊళ్ళో వారందరికీ ప్రసన్నకుమారి నమస్కారం. నాకిచ్చిన చెయ్యిని మూడు నెలలు మేము సరిగ్గా వాడలేదు. అది ట్రస్టు తప్పు కాదు. వాడే పద్ధతి నాకు చెప్పాల్సిన నా తమ్ముడు జయపాల్ చెప్పలేదు. ఇప్పుడు పది రోజులుగా వాడుతున్నాను. పది రేకులకి అయిదు వస్తున్నాయి, అయిదు చిరుగుతున్నాయి. ఈ చెయ్యి నా దగ్గర ఉండాలా, నా తర్వాత వరసలో ఉన్న పిఠాపురం గంగాధర్ గారికి వెళ్ళాలా అన్నది రేపు కమిటీవారు చూసి చెబుతారు. గంగాధర్ గారు కూడా వస్తున్నారు. తెల్లవారుజామున మొదటి బస్సుకి బయలుదేరతానన్నారు. ఆయనకి కుండ ఎదురుగా కుర్చీ వేస్తాం, దయచేసి అందులో ఎవరూ కూర్చోవద్దు. వచ్చినవారు ఆయన్ని పలకరించాక నా దగ్గరికి రండి. చెయ్యి ఎవరిదైనా, పది రేకులూ అయ్యేదాకా ఎవరూ లేచి వెళ్ళొద్దు. మార్చి ఒకటి, శనివారం, రత్నమాణిక్యం గారి షెడ్డు. పొద్దున ఆరున్నరకల్లా రండి."